కెర్నెల్ కూలినప్పుడు డంప్ ఎక్కడ పడాలి: కేడంప్ డిస్కు అమరిక, రోజువారీ నోట్సు

సర్వర్ వివరాలు: 32 జీబీ ర్యామ్ ఉన్న ఎక్స్86 బాక్సు, రాకీ లైనక్స్ 9, రూట్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్, అది ఎన్‌వీఎంఈ డిస్కు మీద. ఉన్నది కూకట్‌పల్లిలో ఒక చిన్న ల్యాబ్ గదిలో. ఈ బాక్సు ఇప్పటికి రెండుసార్లు బిగుసుకుపోయింది. రెండుసార్లూ పవర్ బటన్ నొక్కి లేపాల్సి వచ్చింది, రెండుసార్లూ డంప్ పడాల్సిన /వర్/క్రాష్ డైరెక్టరీ ఖాళీగానే ఉంది. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కూలినప్పుడు అప్పటి మెమరీని డంప్‌గా డిస్కుకు రాసిపెట్టాల్సిన కేడంప్ సర్వీసు మాత్రం "యాక్టివ్" అనే చూపించింది. సర్వీసు ఆకుపచ్చగా కనిపించడానికి, డంప్ నిజంగా డిస్కు మీద పడడానికి మధ్య ఎంత దూరం ఉందో కొలిచి, ఆ దూరం తగ్గించడమే ఈ పని.

కమాండ్లను పలికే తీరులో రాశాం. టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న అక్షరాలే, పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం. యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) అన్న మాట మాత్రం ఎక్కడైనా పెద్ద అక్షరాల్లోనే.

రోజు 1: డిస్కు, సైజు లెక్క

కేడంప్ పనితీరు ముందు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాతి నిర్ణయాలన్నీ దాని నుంచే వస్తాయి. 2005లో లైనక్స్ 2.6.13తో మెయిన్‌లైన్‌లోకి వచ్చిన పద్ధతి ఇది. బూట్ సమయంలోనే కొంత ర్యామ్ పక్కన పెట్టి, అందులో రెండో కెర్నెల్‌ను, ఒక చిన్న ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను (మెమరీలోనే ఉండే బూట్ ఫైళ్ల మూట) ముందే ఎక్కించి ఉంచుతారు. మొదటి కెర్నెల్ ప్యానిక్ అయిన (ఇక నడవలేనని ఆగిపోయిన) క్షణంలో కెఎగ్జెక్ (ఒక కెర్నెల్ నుంచి నేరుగా మరో కెర్నెల్‌లోకి దూకే పద్ధతి) ద్వారా రెండోది లేస్తుంది. చనిపోయిన కెర్నెల్ మెమరీ దానికి /ప్రాక్/వీఎంకోర్ అనే ఫైలుగా కనిపిస్తుంది. మేక్‌డంప్‌ఫైల్ అనే టూల్ ఆ ఫైలును వడకట్టి, కుదించి డిస్కుకు రాస్తుంది. అంటే రాసేది పాత సిస్టమ్ కాదు. ఆ చిన్న ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఏం మూట కట్టామో అంతవరకే తెలిసిన కొత్త సిస్టమ్. దానికీ డిస్కుకూ మధ్య ఎల్వీఎం, ఎన్‌క్రిప్షన్, రెయిడ్, నెట్‌వర్క్ అంటూ ఒక్కో పొర పెరిగేకొద్దీ డంప్ పోయే దారులు పెరుగుతాయి. అందుకే ఈ డైరీలో ఎక్కడ ఎంచుకోవాల్సి వచ్చినా, పొరలు తక్కువ ఉన్న వైపే మొగ్గాం.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఒకటి తెచ్చాం. ఎన్‌వీఎంఈలో బోలెడు ఖాళీ ఉండగా ఇదెందుకంటే, బిగుసుకుపోవడానికి ఎన్‌వీఎంఈ డ్రైవరో, ఎక్స్ఎఫ్ఎస్సో కారణమైతే, మళ్లీ వాటినే నమ్ముకుని డంప్ రాయకూడదు. సాటా అయితే ఏహెచ్‌సీఐ డ్రైవర్, దారే వేరు.

పార్టిషన్ 80 జీబీ. 32 జీబీ ర్యామ్ అంటే 4 కేబీ పేజీలు 83,88,608. ఏదీ వడకట్టకుండా, ఏదీ కుదించకుండా రాస్తే డంప్ ర్యామ్ అంత పెద్దదవుతుంది. అలాంటివి రెండు పట్టాలి, పైన కొంత ఊపిరి ఉండాలి. నిజానికి వడకట్టిన డంప్ దీంట్లో చిన్న భాగమే. అయినా పార్టిషన్ సైజు మొత్తం ర్యామ్ కంటే తక్కువైతే, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కట్టేటప్పుడు ఎంకేడంప్‌ఆర్‌డీ (దాన్ని కట్టే స్క్రిప్టు) "వీఎంకోర్ పట్టకపోవచ్చు" అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చూసీ చూడనట్టు వదిలేయడం అలవాటైతే అసలు హెచ్చరిక వచ్చిన రోజు కూడా వదిలేస్తాం. డిస్కులో మిగిలిన చోటు పార్టిషన్ చేయకుండా ఉంచాం, ఎస్ఎస్‌డీకి అదీ మంచిదే.

ఫార్మాట్:

ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 -ఎం 0 -టీ లార్జ్‌ఫైల్4 -ఈ లేజీ_ఐటేబుల్_ఇనిట్=0,లేజీ_జర్నల్_ఇనిట్=0 -ఎల్ క్రాష్‌డంప్ /డెవ్/ఎస్‌డీఏ1

ఇందులో టీ, ఈ, ఎల్ పెద్ద అక్షరాలు, ఎం చిన్నది. చిన్న ఎం పక్కన 0 అంటే రూట్ కోసం పక్కన పెట్టే 5 శాతం వద్దని. 80 జీబీలో అది 4 జీబీ. లార్జ్‌ఫైల్4 అంటే ప్రతి 4 ఎంబీకి ఒక ఐనోడ్ (ఒక ఫైలు వివరాలు దాచే గడి), మొత్తం 20,480. మామూలుగా వదిలేస్తే 16 కేబీకి ఒకటి చొప్పున 52,42,880 ఐనోడ్లు వస్తాయి, ఒక్కోటి 256 బైట్లు, అంటే 1.25 జీబీ టేబుళ్లకే పోతుంది. ఈ డిస్కు మీద పట్టుమని వంద ఫైళ్లు కూడా ఉండవు. లేజీ రెండూ 0 చేయడం వల్ల ఫార్మాట్ కాస్త ఆలస్యమవుతుంది. బదులుగా, మౌంట్ అయ్యాక వెనక నుంచి టేబుళ్లు రాసే థ్రెడ్ ఉండదు.

ఎక్స్ఎఫ్ఎస్ ఎందుకు కాదంటే, పైన చెప్పిన అనుమానం ఒకటి, దాని మాడ్యూల్ పెద్దది కావడం రెండోది. రెండో కెర్నెల్‌కు ఉండేది 256 ఎంబీ. అక్కడ ప్రతి ఎంబీకీ లెక్క ఉంటుంది.

రోజు 2: మౌంట్

మౌంట్ పాయింటు /క్రాష్. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) లైను:

యూయూఐడీ=... /క్రాష్ ఈఎక్స్‌టీ4 నోఎగ్జెక్,నోసూయిడ్,నోడెవ్,నోఎటైమ్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్ 0 2

నోఫెయిల్ తప్పనిసరి. అది లేకుండా ఎస్ఎస్‌డీ చచ్చిపోతే, పెట్టిన గడువు దాకా ఎదురుచూసి సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. డంప్ డిస్కు పోయినందుకు సర్వర్ లేవకపోవడం ఎవరికీ ఒప్పుకోదగ్గ బేరం కాదు.

అయితే నోఫెయిల్‌తో మరో చిక్కు ఉంది. ఆ మాట పెట్టగానే సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులను లేపే ప్రోగ్రాము) ఈ మౌంట్ కోసం లోకల్-ఎఫ్ఎస్.టార్గెట్‌ను (లోకల్ డిస్కులు సిద్ధమన్న దశను) ఆపదు. దాంతో డిస్కు మౌంట్ కాకముందే కేడంప్ సర్వీసు మొదలై, "టార్గెట్ మౌంట్ అయినట్టు లేదు" అని ఫెయిల్ కావచ్చు. ఒక బూట్‌లో బాగుంటుంది, మరో బూట్‌లో ఉండదు. పట్టుకోవడానికి ఇంతకంటే విసిగించే తప్పు లేదు. మందు ఒక్క లైను. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ కేడంప్ అని కొట్టి, యూనిట్ సెక్షన్ కింద:

రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/క్రాష్

సెక్షన్ పేరులో యూ, ఈ లైనులో ఆర్, ఎం, ఎఫ్ పెద్ద అక్షరాలు. అప్పుడు మౌంట్ ముందు, కేడంప్ తరువాత. మౌంట్ రాకపోతే కేడంప్ కూడా రాదు, ఫెయిల్ అయిందని చెబుతుంది. కావాల్సిందీ అదే.

మౌంట్ లేనప్పుడు /క్రాష్ అనే ఖాళీ డైరెక్టరీ రూట్ డిస్కు మీదే ఉంటుంది కదా. ఎవరైనా పొరపాటున దాంట్లో ఫైళ్లు పడేస్తే, తరువాత మౌంట్ అయినప్పుడు అవి అడుగున దాక్కుని రూట్ చోటు తింటూ ఉంటాయి. అన్‌మౌంట్ చేసి ఉన్నప్పుడే సీహెచ్ఏటీటీఆర్ +ఐ /క్రాష్ కొడితే ఆ ఖాళీ డైరెక్టరీలో ఎవరూ రాయలేరు. మామూలు /వర్/క్రాష్ మీద ఈ పని చేయకండి. అది ప్యాకేజీకి చెందిన డైరెక్టరీ, అప్‌డేట్ సమయంలో ఆర్‌పీఎం గొడవ పెడుతుంది. వేరే పేరుతో మౌంట్ పాయింటు పెట్టడానికి ఒక కారణం ఇదే.

ఎస్ఈలైనక్స్ (లేబుళ్లను బట్టి అనుమతులిచ్చే భద్రతా పొర) కోసం /క్రాష్‌కు కూడా /వర్/క్రాష్ లేబుళ్లే వర్తించాలని చెప్పాం: సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ -ఏ -ఈ /వర్/క్రాష్ /క్రాష్, ఆ తరువాత రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ /క్రాష్. రీస్టోర్‌కాన్‌లో ఆర్ పెద్దది.

రోజు 3: కేడంప్.కాన్ఫ్

/ఈటీసీ/కేడంప్.కాన్ఫ్‌లో మొదట రాసింది ఇది:

ఈఎక్స్‌టీ4 యూయూఐడీ=...
పాత్ /క్రాష్

కేడంప్‌సీటీఎల్ రీస్టార్ట్ కొట్టగానే ఆగిపోయింది, /క్రాష్/క్రాష్ అనే పాత్ టార్గెట్‌లో లేదంటూ. చాలామంది పడే గుంట ఇది. టార్గెట్ డిస్కును మనమే పేరు పెట్టి చెప్పినప్పుడు, పాత్ అన్నది ఆ డిస్కు లోపలి దారి, సర్వర్ రూట్ నుంచి లెక్కించే దారి కాదు. టార్గెట్ చెప్పకుండా పాత్ ఒక్కటే ఇస్తే మాత్రం అది రూట్ నుంచి లెక్క. అక్కడ వేరే డిస్కు మౌంట్ అయి ఉంటే కేడంప్ దాన్ని తానే పసిగడుతుంది. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండడం వల్ల వచ్చే తంటా ఇది. ఎర్రర్ కనబడగానే ఎంకేడీఐఆర్ /క్రాష్/క్రాష్ అని కొట్టేస్తే పని జరుగుతుంది గానీ, ఆరు నెలల తరువాత చూసేవాళ్లకు తల తిరుగుతుంది. డిస్కు లోపల డంప్స్ అనే డైరెక్టరీ చేసి, పాత్ /డంప్స్ అని పెట్టాం. మౌంట్ అయ్యాక బయటి నుంచి చూస్తే అది /క్రాష్/డంప్స్.

డిస్కును యూయూఐడీతోనే చెప్పాలి, /డెవ్/ఎస్‌డీఏ1 అని కాదు. రెండో కెర్నెల్‌లో అన్ని డ్రైవర్లూ ఉండవు, డిస్కులు లేచే వరస మారుతుంది. ఇక్కడ ఏ, అక్కడ బీ కావచ్చు. డిస్కును మళ్లీ ఫార్మాట్ చేస్తే యూయూఐడీ కూడా మారుతుంది. అప్పుడు కాన్ఫ్‌లో కొత్తది రాసి, కేడంప్‌సీటీఎల్ రీస్టార్ట్ కొట్టేదాకా మెమరీలో ఉన్న రెండో కెర్నెల్ పాత యూయూఐడీ కోసమే వెతుకుతుంది.

మిగతా లైన్లు:

కోర్_కలెక్టర్ మేక్‌డంప్‌ఫైల్ -ఎల్ --మెసేజ్-లెవల్ 7 -డీ 25
ఫెయిల్యూర్_యాక్షన్ షెల్

-ఎల్ అంటే ఎల్‌జెడ్‌ఓ కుదింపు. -డీ పక్కన ఉన్న అంకె ఏ పేజీలు వదిలేయాలో చెబుతుంది: సున్నాలతో నిండినవి 1, క్యాష్ పేజీలు 2, ప్రైవేట్ క్యాష్ 4, యూజర్ ప్రోగ్రాముల డేటా 8, ఖాళీ పేజీలు 16. అన్నీ కలిపితే మామూలుగా వచ్చే 31. మా అనుమానం ఫైల్‌సిస్టమ్ మీద కాబట్టి క్యాష్ పేజీలు కావాలి, 2, 4 తీసేస్తే 25. డేటాబేస్ ప్రాసెస్ లోపల ఏముందో చూడాలంటే 8 తీసేసి 23. విడుదలైన మెమరీని ఎవరో వాడుకుంటున్నారన్న అనుమానం ఉంటే 16 తీసేసి 15. క్యాష్ ఉంచితే డంప్ బాగా ఉబ్బుతుంది. 80 జీబీ అక్కరకొచ్చేది ఇక్కడే.

ఫెయిల్యూర్ యాక్షన్‌ను పరీక్షల రోజుల్లో షెల్ మీద ఉంచాలి. ఎక్కడ ఆగిందో అక్కడే చేత్తో తడిమి చూడవచ్చు.

రోజు 4: మొదటిసారి కూల్చడం

సీరియల్ కన్సోల్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. రెండో కెర్నెల్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ఉండదు, మానిటర్ మీద బొమ్మ బిగుసుకుపోయినట్టే కనిపిస్తుంది. డంప్ చక్కగా పడుతుండగానే పాడైందనుకుని పవర్ బటన్ నొక్కేస్తారు. కన్సోల్=టీటీవైఎస్0,115200 (ఎస్ పెద్ద అక్షరం) కెర్నెల్ లైనులో చేర్చి, పక్కన లాప్‌టాప్ పెట్టాం.

కూల్చే ముందు రెండు చూపులు. /సిస్/కెర్నెల్/కెఎగ్జెక్_క్రాష్_లోడెడ్‌లో 1 ఉండాలి. కెఎగ్జెక్_క్రాష్_సైజ్‌లో 26,84,35,456 ఉండాలి, అంటే 256 ఎంబీ. ఆ తరువాత సర్వీసులు ఆపి, సింక్ కొట్టి, కెర్నెల్‌ను కావాలని కూల్చే లైన్లు:

ఎకో 1 > /ప్రాక్/సిస్/కెర్నెల్/సిస్ఆర్‌క్యూ
ఎకో సీ > /ప్రాక్/సిస్ఆర్‌క్యూ-ట్రిగ్గర్

సీరియల్ తెర మీద ప్యానిక్ లైను, దాని కింద కాల్ ట్రేస్, ఆపైన ఒకటి రెండు క్షణాల నిశ్శబ్దం. తరువాత మళ్లీ 0.000000 నుంచి బూట్ సందేశాలు మొదలవుతాయి. అదే రెండో కెర్నెల్. ఈఎక్స్‌టీ4 జర్నల్ రికవరీ అన్న లైను కనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు. రాయడానికి మౌంట్ అయి ఉన్న ఈఎక్స్‌టీ4 మీద ఆ గుర్తు ఎప్పుడూ ఉంటుంది. ఈ డిస్కు మీద వేరెవరూ రాయరు కాబట్టి జర్నల్ ఖాళీ, రెప్పపాటులో అయిపోతుంది. తరువాత "సేవింగ్ వీఎంకోర్-డీమెసేజ్" (కెర్నెల్ సందేశాల ఫైలు), అది పూర్తయ్యాక "సేవింగ్ వీఎంకోర్", దాని కింద కాపీయింగ్ డేటా, శాతం, మిగిలిన సెకన్లు. నూరు శాతం అయ్యేదాకా ఫైలు పేరు వీఎంకోర్-ఇన్‌కంప్లీట్. పూర్తయ్యాకే అది వీఎంకోర్ అవుతుంది. ఈ చిన్న ఏర్పాటు ఎంతో మేలు. పేరు చూస్తేనే డంప్ పూర్తిదో సగానిదో తెలిసిపోతుంది.

మళ్లీ లేచాక /క్రాష్/డంప్స్ కింద 127.0.0.1, ఆ వెంట తేదీ, సమయం ఉన్న డైరెక్టరీ. లోపల వీఎంకోర్, వీఎంకోర్-డీమెసేజ్.టీఎక్స్‌టీ.

ఫైలు ఉన్నంత మాత్రాన సరిపోదు, తెరుచుకోవాలి. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్‌కు అచ్చంగా సరిపోయే కెర్నెల్-డీబగ్‌ఇన్ఫో (డంప్‌ను చదవడానికి కావాల్సిన వివరాల ప్యాకేజీ) వేసి, క్రాష్ టూల్‌కు అందులోని వీఎంలైనక్స్‌నూ, ఈ వీఎంకోర్‌నూ ఇచ్చాం. డంప్‌ఫైల్ పక్కన "పార్షియల్ డంప్" అని వస్తుంది, అది పేజీలు వడకట్టారన్న సూచనే, లోపం కాదు. బీటీ కొడితే ప్యానిక్ అయిన టాస్క్ స్టాక్, లాగ్ కొడితే కెర్నెల్ సందేశాలు. రెండూ వచ్చాయి.

రోజు 5: అసలు బిగుసుకుపోతే?

పాత రెండు ఘటనల్లో డంప్ ఎందుకు పడలేదో ఇక్కడ తేలింది. అవి ప్యానిక్‌లు కావు, హ్యాంగ్‌లు. కెర్నెల్ ప్యానిక్ అని ప్రకటిస్తేనే కేడంప్ కదులుతుంది. డిస్కు, కాన్ఫ్ ఎంత బాగున్నా ఆ పిలుపు రాకపోతే లాభం లేదు. /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీలో:

కెర్నెల్.సాఫ్ట్‌లాకప్_ప్యానిక్=1
కెర్నెల్.హంగ్_టాస్క్_ప్యానిక్=1
కెర్నెల్.అన్‌నోన్_ఎన్ఎంఐ_ప్యానిక్=1

మామూలు అమరికలో సాఫ్ట్‌లాకప్‌ను (కెర్నెల్ కోడ్ సీపీయూను వదలకపోవడం) 20 సెకన్లకు, హంగ్ టాస్క్‌ను (ఎదురుచూస్తూ కదలని ప్రాసెస్) 120 సెకన్లకు పట్టుకుంటుంది. హంగ్ టాస్క్ విషయంలో ఆలోచించి పెట్టండి. నిదానమైన ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్) వాడే సర్వర్లలో ఒక ప్రాసెస్ రెండు నిమిషాలు ఆగిందని సర్వర్ మొత్తం కూలుతుంది. ఈ బాక్సులో ఎన్ఎఫ్ఎస్ లేదు కనుక పెట్టాం. మూడోది చేత్తో పిలవడానికి: బీఎంసీ (మదర్‌బోర్డు మీద విడిగా నడిచే నిర్వహణ చిప్) ద్వారా ఐపీఎంఐటూల్ చాసిస్ పవర్ డయాగ్ పంపితే ఎన్ఎంఐ (సీపీయూ పక్కన పెట్టలేని అంతరాయం) వస్తుంది, ప్యానిక్ అవుతుంది. ఇకపై బిగుసుకుపోతే పవర్ బటన్ జోలికి పోకుండా ఇదే.

రోజు 6: మెమరీ చాలలేదు

ఒక 10 గిగాబిట్ కార్డు, దానితో పాటు ఒక హెచ్‌బీఏ (డిస్కులు తగిలించే కార్డు) చేర్చి మళ్లీ కూల్చాం. ఈసారి రెండో కెర్నెల్ సగంలోనే "అవుట్ ఆఫ్ మెమరీ" అంటూ మేక్‌డంప్‌ఫైల్‌ను చంపేసింది. వీఎంకోర్-ఇన్‌కంప్లీట్ మిగిలింది. డిస్కు తప్పు కాదు, ఫైల్‌సిస్టమ్ తప్పూ కాదు. డ్రైవర్లు తమ క్యూలకు, బఫర్లకు మెమరీ పట్టేసుకుంటే మేక్‌డంప్‌ఫైల్‌కు మిగలలేదు.

కేడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్ కొడితే ఇప్పుడు ఎంత కేటాయించారు, ఎంత ఉండాలి, ఏ మాడ్యూళ్లు లావుగా ఉన్నాయి అన్నీ చెబుతుంది. రెండు దారులున్నాయి. మొదటిది, డంప్‌కు అక్కర్లేని డ్రైవర్లు మూటలోంచి తీసేయడం. కేడంప్.కాన్ఫ్‌లో డ్రాకట్_ఆర్గ్స్ --ఒమిట్-డ్రైవర్స్ అని ఆ పేర్లు ఇవ్వాలి. లోకల్ సాటాకు రాసే డంప్‌కు 10 గిగాబిట్ కార్డుతో పనేముంది? రెండోది, కేటాయింపు పెంచడం. రాకీ 9లో మామూలుగా వచ్చే లెక్క ర్యామ్ 1 నుంచి 4 జీబీకి 192 ఎంబీ, 4 నుంచి 64 జీబీకి 256, ఆపైన 512. పాత వెర్షన్‌లో ఉన్న ఆటో అన్న మాట 9లో లేదు, అక్కడి నుంచి కాపీ కొట్టవద్దు.

రెండూ చేశాం. గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నెల్=ఆల్ --ఆర్గ్స్="క్రాష్‌కెర్నెల్=384ఎం" కొట్టి రీబూట్. ఆల్, ఎం పెద్ద అక్షరాలు. నడుస్తుండగా ఈ కేటాయింపును తగ్గించవచ్చు గానీ పెంచలేం, రీబూట్ తప్పదు. లేచాక సైజు 40,26,53,184 అని చూపించింది. డంప్ పూర్తిగా పడింది.

రోజు 8: కావాలని చెడగొట్టిన పరీక్షలు

డిస్కు నింపడం. ఫాలోకేట్‌తో పెద్ద ఫైలు చేసి 200 ఎంబీ మాత్రమే వదిలి కూల్చాం. వీఎంకోర్ ఇన్‌కంప్లీట్‌గా ఆగింది, కానీ డీమెసేజ్ ఫైలు పూర్తిగా ఉంది, ఎందుకంటే ముందు రాసేది దాన్నే. కొన్ని వందల కేబీల ఆ టెక్స్ట్ ఫైలు చాలా కేసులకు సగం జవాబు. పాత డంప్‌లను కేడంప్ తనంతట తాను తీసేయదు, ఆ పని మనదే.

కేబుల్ పీకడం. సర్వర్ నడుస్తుండగా సాటా డేటా కేబుల్ తీసి కూల్చాం. రెండో కెర్నెల్ డిస్కు కోసం ఎదురుచూసి, విసిగి, షెల్ ఇచ్చింది. కేబుల్ లేకుండా మామూలు బూట్ చేస్తే, సర్వర్ లేచింది, కేడంప్ ఫెయిల్ అని చూపించింది. రెండో రోజు చేసిన అమరిక నిలబడింది.

ఇక్కడ ఫెయిల్యూర్_యాక్షన్‌ను షెల్ నుంచి రీబూట్‌కు మార్చాం. డంప్_టు_రూట్‌ఎఫ్ఎస్ అనే దారి కూడా ఉంది, టార్గెట్ దొరక్కపోతే రూట్ మీద రాస్తుంది. రూట్ మీదే అనుమానం ఉన్న బాక్సులో అది వద్దు. వేరే చోట పెట్టదలిస్తే దానికీ అదనపు మెమరీ కేటాయించాలి.

కరెంటు. హైదరాబాద్‌లో జూన్ సాయంత్రం గాలివాన పట్టుకుంటే కరెంటు పోయి రావడం మామూలే. కరెంటు పోతే ప్యానిక్ రాదు, డంప్ ఉండదు. కానీ డంప్ రాస్తున్న మధ్యలో పోతే ఉన్నదీ పోతుంది. 32 జీబీ మొత్తం రాయాల్సి వచ్చినా సెకనుకు 400 ఎంబీ రాసే ఎస్ఎస్‌డీకి ఒకటిన్నర నిమిషం, 100 ఎంబీ రాసే పాత హార్డ్ డిస్కుకు ఆరు నిమిషాలు. పైన ఒకే సీపీయూతో జరిగే కుదింపు సమయం. యూపీఎస్ బ్యాటరీ లోడ్ మీద కనీసం పది నిమిషాలు నిలవాలని లెక్క పెట్టాం. బీఎంసీలో వాచ్‌డాగ్ (స్పందన లేకపోతే రీసెట్ చేసే టైమర్) ఆన్‌లో ఉంటే దాని గడువు కూడా ఇంతకంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే డంప్ మధ్యలో అదే రీసెట్ కొడుతుంది.

రోజు 9: అప్పగింతకు ముందు

/క్రాష్/డంప్స్ పర్మిషన్ 0700, ఓనర్ రూట్. యూజర్ పేజీలు వదిలేసినా కెర్నెల్ మెమరీలో కీలు, నెట్‌వర్క్ బఫర్లు, ఫైల్ పేర్లు ఉంటాయి. మా 25 లెవెల్‌లో క్యాష్ కూడా ఉంది, అంటే ఫైళ్ల లోపలి విషయమే. బయటి సపోర్టు వాళ్లకు పంపాల్సి వస్తే ముందు డీమెసేజ్ ఒక్కటే పంపి, అది చాలకపోతేనే వీఎంకోర్ గురించి ఆలోచించాలి.

శుభ్రం చేయడానికి రోజుకోసారి నడిచే టైమర్. చివరి రెండు డంప్ డైరెక్టరీలు ఉంచి, అంతకు ముందువి తీసేస్తుంది. అదే టైమర్ కెఎగ్జెక్_క్రాష్_లోడెడ్‌లో 1 ఉందా, /క్రాష్ మౌంట్ అయి ఉందా, ఖాళీ 32 జీబీకి తగ్గిందా అని చూసి, తేడా ఉంటే మెయిల్ పంపుతుంది. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మీద ఆధారపడలేదు.

ఇంకా మిగిలింది కెర్నెల్ అప్‌డేట్. ప్రతి కొత్త కెర్నెల్‌కూ కేడంప్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ విడిగా, ఆ కెర్నెల్‌తో మొదటిసారి లేచినప్పుడు /బూట్‌లో తయారవుతుంది. /బూట్ నిండి ఉంటే అది తయారు కాదు, సర్వర్ మాత్రం మామూలుగానే నడుస్తుంది. ఈ బాక్సులో /బూట్ 1 జీబీ, మూడు కెర్నెళ్లు ఉన్నాయి. డీఎన్ఎఫ్.కాన్ఫ్‌లో ఎన్ని కెర్నెళ్లు ఉంచాలో చెప్పే ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్‌ను 2కు తగ్గించాం. వచ్చే అప్‌డేట్ తరువాత ఆ మొదటి బూట్‌లోనే, వర్క్‌లోడ్ ఎక్కించక ముందే, మళ్లీ ఒకసారి కూల్చి డంప్ తెరిచి చూడాలి. దానికి తగ్గ డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ కూడా అదే రోజు దించుకోవాలి.